మీ చర్మానికి సరిపోయే ఫేస్‌వాష్ ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి

ముఖం కడుక్కుని తుడుచుకున్న కాసేపటికి బుగ్గలు బిర్రుగా లాగుతుంటే, వేలితో రాస్తే కీచుమంటుంటే, ముఖం బాగా శుభ్రమైందని సంబరపడేవాళ్లే ఎక్కువ. నిజానికి ఆ బిగుతు శుభ్రానికి గుర్తు కాదు. చర్మం తన కోసం తయారుచేసుకున్న సన్నటి నూనె పొర కూడా మురికితో పాటే కొట్టుకుపోయిందని అర్థం. ఇక్కడ చెప్పేవాటిలో ఏది మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి: ఫేస్‌వాష్ మంచిదో కాదో ట్యూబు మీది రాతలు చెప్పలేవు. కడుక్కున్న అరగంటకు మీ ముఖమే చెబుతుంది.

ఫేస్‌వాష్ ముఖం మీద ఉండేది మహా అయితే ఒక నిమిషం. చెమట, దుమ్ము, జిడ్డు, పూసుకున్న సన్‌స్క్రీన్ తీసేసి నీళ్లతో పాటు పోవడమే దాని పని. ముఖాన్ని తెల్లగా చేయడం దాని వల్ల కాదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పైపొర అడుగున ఉండే కణాల్లో తయారవుతుంది. పైన నురగ పెట్టి కడిగేసినంత మాత్రాన అక్కడ జరిగేది మారదు. విటమిన్ సి, కుంకుమపువ్వు, బొప్పాయి పేర్లు చూసి రెట్టింపు ధర పెడితే, ఆ డబ్బులో చాలా భాగం నిమిషంలో సింకులోకి పోతుంది. సాదా ఫేస్‌వాష్ కొనుక్కుని, మిగిలిన డబ్బుతో ఒక మంచి సన్‌స్క్రీన్ కొనుక్కోండి. ముఖానికి అదే మేలు.

ముందు మీ చర్మం తీరు తెలుసుకోండి

షాపుకి వెళ్లే ముందు ఇంట్లో ఒక పరీక్ష చేయండి. ఇంట్లో ఉన్నవాళ్లలో ఎవరి దగ్గరైనా ఘాటు తక్కువ ఉన్న క్లెన్సర్ ఉంటే దానితో, లేకపోతే ఉత్తి నీళ్లతో ముఖం కడుక్కోండి. మెత్తగా అద్దుకుని క్రీము, పౌడరు ఏమీ రాయకుండా వదిలేయండి. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగిలేలా కూర్చోవద్దు. అరగంట నుంచి గంట గడిచాక కిటికీ వెలుతురులో అద్దం ముందు నిలబడి చూసుకోండి. ఒక టిష్యూ కాగితం తీసుకుని నుదురు, ముక్కు, గడ్డం, బుగ్గలు విడివిడిగా అద్దండి.

అన్నిచోట్లా కాగితానికి నూనె మరకలు పడితే జిడ్డు చర్మం. నుదురు, ముక్కు, గడ్డం దగ్గర మరక పడి, బుగ్గల దగ్గర కాగితం పొడిగా ఉంటే మిశ్రమ చర్మం. మనలో చాలామందిది ఇదే, కాని ముక్కు మెరుపు చూసి జిడ్డు చర్మం అనుకుంటారు. మరక ఎక్కడా లేకుండా నవ్వినప్పుడు బుగ్గలు లాగుతుంటే, పెదవుల పక్కన తెల్లగా పొట్టులా కనిపిస్తే పొడి చర్మం. ఇవేవీ లేకుండా హాయిగా ఉంటే సాధారణ చర్మం.

సున్నిత చర్మం వేరే సంగతి. జిడ్డు చర్మమైనా పొడి చర్మమైనా సున్నితంగా ఉండొచ్చు. కొత్తది ఏది రాసినా చుర్రుమనడం, ఎర్రబడటం, దురద పెట్టడం దాని లక్షణం.

ఈ పరీక్షని ఎండాకాలంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి చేసుకోండి. మే నెలలో విజయవాడలో జిడ్డు కారే ముఖం, డిసెంబరులో ఆదిలాబాద్‌లో పొట్టు లేచే ముఖం ఒకరిదే కావచ్చు.

ఒంటి సబ్బు ముఖానికి ఎందుకు వద్దు

ఆరోగ్యంగా ఉన్న చర్మం పైభాగం కాస్త ఆమ్లంగా ఉంటుంది. దాని పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత, 7 కంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం) సుమారు 5 దగ్గర ఉంటుంది. నూనెలు, క్షారం కలిపి చేసే మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 వరకూ ఉంటుంది. సబ్బుతో కడిగిన ప్రతిసారీ చర్మం ఆమ్లగుణం తగ్గి, మళ్లీ మామూలు స్థితికి రావడానికి కొన్ని గంటలు పట్టొచ్చు. ఒంటి మీది మందమైన చర్మం దీన్ని తట్టుకుంటుంది. బుగ్గలు, కళ్ల చుట్టూ ఉన్న చర్మం అంతగా తట్టుకోలేదు.

సబ్బు రేపరు మీద టీఎఫ్‌ఎం అని ఒక శాతం ఉంటుంది. అంటే అందులో ఉన్న మొత్తం కొవ్వు పదార్థం. మన దేశ ప్రమాణాల ప్రకారం గ్రేడ్ 1 టాయిలెట్ సబ్బులో అది కనీసం 76 శాతం, గ్రేడ్ 2లో 70, గ్రేడ్ 3లో 60 ఉండాలి. ‘బాతింగ్ బార్’ అని రాసి ఉంటే ఇంకా తక్కువే ఉండొచ్చు. టీఎఫ్‌ఎం ఎక్కువ ఉన్న సబ్బు త్వరగా అరగదు, చర్మాన్ని కాస్త తక్కువ ఎండబెడుతుంది, అది నిజమే. కాని టీఎఫ్‌ఎం పెరిగినంత మాత్రాన పీహెచ్ తగ్గదు. అందుకే గ్రేడ్ 1 సబ్బు కూడా ముఖానికి ఫేస్‌వాష్‌తో సమానం కాదు.

చూడటానికి సబ్బులాగే ఉండి సబ్బు కాని బిళ్లలు కూడా ఉన్నాయి. నూనెలు, క్షారం కాకుండా వేరే కడిగే పదార్థాలతో చేసే వాటిని సిండెట్ బార్ అంటారు. 1957లో అమెరికాలో వచ్చిన డవ్ బిళ్ల ఈ తరహాలో అందరికీ తెలిసినది. వెనక జాబితాలో మొదట సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ లాంటి పేరు ఉంటే అది సిండెట్ అని పోల్చుకోవచ్చు. మొదటే సోడియం పామేట్, సోడియం పామ్ కెర్నలేట్ ఉంటే అది మామూలు సబ్బే. ట్యూబులు కొనే స్తోమత లేని ఇంట్లో అందరికీ కలిపి ఒక సిండెట్ బిళ్ల కొనడం మంచి ఉపాయం. దాన్ని నీళ్లు నిలవని సబ్బుపెట్టెలో పెట్టండి, లేకపోతే కరిగి వారంలో ముద్దయిపోతుంది.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హైదరాబాదు శివార్లలో, రాయలసీమలో, నల్లగొండ వైపు ఎన్నో ఇళ్లలో వాడకానికి బోరు నీళ్లే. బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర తెల్లటి పొర గట్టిపడుతుంటే ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నట్టు. అవి సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారతాయి. ఎంత కడిగినా ముఖం మీద ఏదో మిగిలినట్టు అనిపించేది ఆ తెట్టు వల్లే. సబ్బు కలవని ఫేస్‌వాష్, సిండెట్ అలా తెట్టు కట్టవు. అయినా బోరు నీళ్లలో అవి కూడా చర్మానికి కాస్త ఎక్కువే అంటుకుని ఉంటాయి కాబట్టి, తక్కువ తీసుకుని ఎక్కువసేపు కడగాలి. మరీ ఇబ్బందిగా ఉంటే ఆఖరున ఒక చెంబుడు ఫిల్టరు నీళ్లతో ముఖం కడుక్కోండి. రోజూ స్నానానికి ఫిల్టరు పెట్టించుకోలేకపోయినా ఆ ఒక్క చెంబూ చాలు.

ట్యూబు తిప్పి వెనక చదవండి

ముందువైపు ఉన్నది ప్రకటన. చదవాల్సింది వెనక చిన్న అక్షరాల్లో ఉన్న జాబితా. పరిమాణం ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తర్వాత వచ్చేలా రాస్తారు. ఒక శాతం లోపు ఉన్నవాటిని మాత్రం ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. అందుకే జాబితా చివర, సువాసనకు అటూ ఇటూ కనిపించే వేపరసం, కలబంద రసం సాధారణంగా నామమాత్రంగానే ఉంటాయి. చిన్న సాచెట్ల మీద ఈ జాబితా ఉండకపోవచ్చు, కాబట్టి మొదటిసారి కొంటుంటే జాబితా ఉన్న సైజే తీసుకోండి.

నీళ్ల తర్వాత వచ్చే మూడు నాలుగు పేర్లు జాగ్రత్తగా చూడండి. కడిగే పదార్థాలు అక్కడే ఉంటాయి. కోకామిడోప్రొపైల్ బీటెయిన్, డెసైల్ గ్లూకోసైడ్, కోకో గ్లూకోసైడ్, సోడియం కోకోయిల్ ఐసెథియోనేట్ లాంటివి మెత్తనివి. సోడియం లారిల్ సల్ఫేట్ మొదట్లోనే ఉంటే ఘాటు ఎక్కువ ఉండే అవకాశం ఉంది. సోడియం లారెత్ సల్ఫేట్ దానికంటే కాస్త నయం. గ్లిజరిన్ పైవరసలో కనిపిస్తే మంచి సూచన, అది తేమని పట్టి ఉంచుతుంది.

అలాగని ఒక్క పేరు చూసి భయపడకండి. 1947లో టెక్సస్‌లో పుట్టిన సెటాఫిల్ క్లెన్సర్‌ని చర్మవైద్యులు దశాబ్దాల పాటు సున్నిత చర్మానికి రాసిచ్చారు. దాని పాత ఫార్ములాలో సోడియం లారిల్ సల్ఫేట్ ఉండేది. చాలా కొద్దిగా, మెత్తబరిచే ఇతర పదార్థాలతో కలిపి ఉండటం వల్ల అది చర్మాన్ని ఇబ్బంది పెట్టలేదు. మొత్తం కలయిక ఎలా ఉందన్నదే ముఖ్యం. అందుకే చివరి తీర్పు అరగంట తర్వాత ముఖానిదే అన్నాను.

సున్నిత చర్మం ఉన్నవాళ్లు మాత్రం ‘పర్ఫ్యూమ్’, ‘ఫ్రాగ్రెన్స్’ అన్న మాట కనిపిస్తే పక్కన పెట్టేయండి. వాసన లేని ఫేస్‌వాష్ మొదట్లో వెలితిగా అనిపిస్తుంది, వారంలో అలవాటైపోతుంది.

ధర పోల్చేటప్పుడు ట్యూబు ధర కాదు, 100 మిల్లీలీటర్లకు ఎంత పడుతుందో లెక్క వేయండి. ఇంకో మాట. మూత తెరిచిన డబ్బా బొమ్మలో 12ఎమ్ అని ఉంటే, తెరిచిన 12 నెలల్లోపు వాడేయాలని అర్థం. పెద్ద సీసా చవకగా వచ్చిందని కొని రెండేళ్లు వాడొద్దు.

ఏ చర్మానికి ఏది

జిడ్డు చర్మం, మొటిమల చర్మం గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. జిడ్డుని పగవాడిలా చూసి రోజుకు నాలుగైదు సార్లు కడిగేస్తారు. మా చెల్లెలి కూతురు ఇంటర్ చదువుతున్నప్పుడు ఇదే చేసింది. “పెద్దమ్మా, కాలేజీ నుంచి రాగానే, ట్యూషన్ నుంచి రాగానే, పడుకునే ముందు, అన్నిసార్లూ శాలిసిలిక్ ఫేస్‌వాష్‌తోనే కడుగుతున్నా. అయినా నుదుటి మీద తగ్గట్లేదు” అంది. దగ్గరగా చూస్తే బుగ్గల మీద పొట్టు లేస్తోంది, ముక్కు పక్కన ఎర్రగా ఉంది. నుదుటి మీద మాత్రం వెంట్రుకల అంచు వెంబడే చిన్న చిన్న గుల్లలు, వరసగా. “తలకి నూనె ఎప్పుడు పెట్టుకుంటున్నావే?” అంటే “రాత్రి పెట్టుకుని పొద్దున్నే తలంటుకుంటా” అంది. నిద్రలో ఆ నూనె నుదుటికి, దిండు గలీబుకి, గలీబు నుంచి బుగ్గకి చేరుతోంది. ఆ అమ్మాయికి కావాల్సింది ఇంకో ఫేస్‌వాష్ కాదు. నూనె తలంటుకి గంట ముందు మాత్రమే పెట్టుకుని, గలీబు వారానికి రెండుసార్లు మార్చి, శాలిసిలిక్ రోజుకు ఒక్కసారికి తగ్గించాక నెమ్మదిగా కుదుటపడింది.

శాలిసిలిక్ ఆమ్లానికి నూనెలో కరిగే గుణం ఉంది. అందుకే రంధ్రాల్లో పేరుకున్న జిడ్డులోకి వెళ్లి పనిచేస్తుంది. బ్లాక్‌హెడ్స్, చిన్న మొటిమలు ఉన్నవాళ్లకి ఇది మంచిదే. ఫేస్‌వాష్‌లలో సాధారణంగా 0.5 నుంచి 2 శాతం వరకూ ఉంటుంది. రోజు విడిచి రోజు, రాత్రి పూట మొదలుపెట్టండి. లాగడం, పొట్టు లేకపోతే రోజూ ఒకసారికి పెంచండి. రెండో పూట సాదా ఫేస్‌వాష్ చాలు. యాస్పిరిన్ పడనివాళ్లు, గర్భిణులు డాక్టరుని అడిగాకే వాడాలి.

చీముతో ఎర్రగా ఉబ్బే మొటిమలకి బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్నది పనిచేస్తుంది, అది మొటిమల బ్యాక్టీరియాని చంపుతుంది. తక్కువ శాతంతోనే మొదలుపెట్టండి. ఇది బట్టల రంగు తీసేస్తుంది. దాన్ని వాడుతున్నన్నాళ్లూ తెల్ల తువ్వాలు, తెల్ల గలీబు వాడండి, పట్టు చీర కట్టుకుని ముఖం కడుక్కోకండి. ట్యూబుని ఎండలో, కారులో వదిలేయకుండా చల్లటి చోట ఉంచండి. మొటిమలకి డాక్టరు అడపలీన్, ట్రెటినోయిన్ లాంటి క్రీము రాసిచ్చి ఉంటే, ఫేస్‌వాష్ మాత్రం వీలైనంత మెత్తనిదే వాడాలి. రెండు ఘాటు మందులు ఒకేసారి పెడితే చర్మం మండిపోయి, పనిచేసే క్రీమునే మానేయాల్సి వస్తుంది.

పొడి చర్మానికి నురగ తక్కువ వచ్చే పాలలాంటి, క్రీములాంటి క్లెన్సర్ తీసుకోండి. గ్లిజరిన్, సెరమైడ్లు (చర్మంలో సహజంగా ఉండే కొవ్వుల్లాంటివి) ఉంటే మేలు. పొద్దున్నే క్లెన్సర్ అక్కర్లేదు, ఉత్తి నీళ్లు చాలు. రాత్రి ఒక్కసారి కడగండి. నురగ రాకపోతే మురికి పోలేదనిపించడం సహజం. కాని మురికిని తీసేది నురగ కాదు, నురగ లేని క్లెన్సర్ కూడా శుభ్రంగానే కడుగుతుంది.

మిశ్రమ చర్మానికి రెండు ఫేస్‌వాష్‌లు కొనక్కర్లేదు. మెత్తటి జెల్ ఒకటి చాలు, నుదురు, ముక్కు, గడ్డం దగ్గర మొదలుపెట్టి, బుగ్గల మీదికి ఆఖరున తెచ్చి వెంటనే కడిగేయండి. సాధారణ చర్మం ఉన్నవాళ్లు ఏ మెత్తటి ఫేస్‌వాష్ అయినా వాడుకోవచ్చు.

సున్నిత చర్మం విషయంలో ముందు ఒక ప్రశ్న వేసుకోండి. తెల్లబడటానికో, మొటిమలకో, మచ్చలకో మందుల షాపులో ఎవరో చెప్పారని ఏదైనా క్రీము నెలల తరబడి వాడారా? అలాంటి క్రీముల్లో స్టెరాయిడ్ ఉండటం మనదగ్గర చాలా మామూలు. అది మానగానే ముఖం ఎర్రబడుతుంది, ఎండ తగిలితే మండుతుంది, నీళ్లు పోసుకున్నా చుర్రుమంటుంది. ఆ స్థితిలో ఏ ఫేస్‌వాష్ మార్చినా ఉపయోగం లేదు. చర్మవైద్యుడికి చూపించుకోవాలి. స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ మీదే అమ్మాలన్న నిబంధన ఉంది, షాపులో అడగ్గానే ఇచ్చేశారు కదా అని అది భద్రమైనదనుకోకండి.

కడుక్కునే పద్ధతి

మొదట చేతులు కడుక్కోండి. బస్సు రాడ్డు పట్టుకున్న చేతులు, ఫోను పట్టుకున్న వేళ్లు అలాగే ముఖానికి పెట్టొద్దు. జుట్టు వెనక్కి కట్టుకోండి.

ముఖాన్ని మామూలు నీళ్లతో బాగా తడపండి. చలికాలంలో గోరువెచ్చటి నీళ్లు వాడొచ్చు. గీజరు నుంచి పొగలు కక్కే నీళ్లు మాత్రం వద్దు, అవి చర్మంలోని నూనెని ఇంకా లాగేస్తాయి. తడి లేని ముఖం మీద నేరుగా జెల్ పెట్టకండి, ఎక్కడ పెడితే అక్కడ ఘాటు ఎక్కువై మండుతుంది.

శనగగింజంత జెల్ అరచేతిలో తీసుకుని కాస్త నీళ్లు కలిపి రెండు చేతులతో నురగ చేయండి. క్రీము క్లెన్సర్ అయితే ఇంకొంచెం పడుతుంది. నుదురు, ముక్కు పక్కలు, గడ్డం, తర్వాత బుగ్గలు, దవడ కింద, మెడ. వేళ్ల చివరి మెత్తటి భాగంతో చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పండి. అరనిమిషం నుంచి నిమిషం చాలు. గోళ్లు తగలకూడదు, ఒత్తకూడదు. కళ్ల దగ్గరికి నురగ తీసుకుపోవద్దు. శాలిసిలిక్ లేదా బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్నది అయితే ట్యూబు మీద చెప్పినంతసేపే ఉంచండి.

కడగడంలోనే చాలామంది తొందరపడతారు. ముఖం మధ్యలో నాలుగు దోసిళ్లు పోసి వదిలేస్తారు. వెంట్రుకల అంచు, చెవుల ముందు, దవడ కింద, ముక్కు మడతలు, మగవాళ్లకైతే గడ్డం వెంట్రుకల మధ్య, ఈ చోట్ల ఫేస్‌వాష్ మిగిలిపోతుంది. అక్కడే దురద, చిన్న పొక్కులు లేస్తుంటే కారణం అదేనేమో చూసుకోండి. వేలితో రాస్తే జారుడు తగ్గేవరకూ కడగండి.

తువ్వాలుతో రుద్దకండి, అద్దండి. ముఖానికి విడిగా ఒక చిన్న మెత్తటి తువ్వాలు ఉంచుకోండి. ఇంట్లో అందరూ వాడే తువ్వాలు, తల తుడుచుకున్న తువ్వాలు ముఖానికి వద్దు. ముఖం ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి. పొద్దున్న అయితే దాని మీద సన్‌స్క్రీన్. జిడ్డు చర్మం ఉన్నవాళ్లు కూడా జెల్ తరహా మాయిశ్చరైజర్ రాసుకోవాలి.

రుద్దడం గురించి గట్టిగా చెప్పాలి. మన చామనఛాయ చర్మం ఎర్రబడిన చోట తర్వాత నల్ల మచ్చ వదిలే అవకాశం ఎక్కువ. అక్రోటు పెంకుల పొడితో గరుకుగా ఉండే స్క్రబ్బులు, నైలాన్ పీచులు, గట్టి బ్రష్షులు ఇదే చేస్తాయి. ఏళ్ల తరబడి పీచుతో తోముకున్నవాళ్ల వీపు, చేతులు, మెడ మీద నల్లగా అలలు అలలుగా మచ్చలు రావడం చర్మవైద్యులు రోజూ చూస్తారు. నలుపు పోవాలని ఇంకా రుద్దుతారు, అది ఇంకా నల్లబడుతుంది. ముఖానికి మీ వేళ్లకంటే మంచి పనిముట్టు లేదు.

రోజుకు రెండుసార్లు, బాగా చెమట పట్టినప్పుడు ఇంకోసారి. అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ సలహా కూడా అదే. మధ్యలో ముఖం వాడిపోయినట్టనిపిస్తే ఉత్తి నీళ్లు చిలకరించుకోండి.

సన్‌స్క్రీన్, కాటుక, బొట్టు ఉన్న రోజు

నీళ్లకు పోని సన్‌స్క్రీన్, పెళ్లి మేకప్, వాటర్‌ప్రూఫ్ కాటుక ఒక్క ఫేస్‌వాష్‌తో పూర్తిగా పోవు. అలాగని రెట్టింపు ఫేస్‌వాష్‌తో తోమడం తప్పు. ముందు క్లెన్సింగ్ బామ్ (మేకప్‌ని కరిగించే నూనె ముద్ద) గాని, మైసెల్లార్ నీళ్లు (మెత్తటి కడిగే పదార్థం కొద్దిగా కలిపిన నీళ్లు) గాని వాడండి. దూదిని మైసెల్లార్ నీళ్లలో తడిపి మూసిన కంటి మీద కాసేపు ఉంచి, కిందికి మెల్లగా లాగితే కాటుక దానంతటదే వస్తుంది. మైసెల్లార్ సీసా మీద కడగక్కర్లేదని రాసి ఉన్నా, తర్వాత ఫేస్‌వాష్‌తో కడిగేయండి. పొడి చర్మం ఉండి మొటిమలు రానివాళ్లు కొద్దిగా కొబ్బరినూనె కూడా వాడుకోవచ్చు. మొటిమల ముఖానికి అది పడదు.

రోజూ ఇంటిపట్టున ఉండి తేలికపాటి జెల్ సన్‌స్క్రీన్ మాత్రమే రాసుకునేవాళ్లకి ఇదంతా అక్కర్లేదు, ఒక్కసారి కడిగితే సరిపోతుంది.

స్టికర్ బొట్టు పెట్టుకునేవాళ్లు రాత్రి తీసేశాక నుదుటి మధ్య ఆ జిగురుని చుక్క నూనెతో తుడిచి కడగండి. కొన్ని స్టికర్ల జిగురులో ఉండే పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం వల్ల అక్కడి చర్మం రంగు కోల్పోయి తెల్ల మచ్చ పడుతుంది. బొట్టు చోట దురద గాని, రంగు పలచబడటం గాని కనిపించిన రోజే ఆ స్టికర్లు మానేయండి.

సున్నిపిండి, శనగపిండి, నిమ్మకాయ

సున్నిపిండి మనింటి వస్తువు, దాన్ని తీసిపారేయమని ఎవరూ అనకూడదు. పెసరపిండి, శనగపిండి జిడ్డుని పీల్చుకుంటాయి, సబ్బంత ఘాటుగా ఉండవు. పండగ పూట నలుగు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. రోజూ ముఖానికి వాడాలంటే మాత్రం మూడు జాగ్రత్తలు. పిండిని సన్నటి జల్లెడలో రెండుసార్లు జల్లించండి, బరకగా ఉంటే గీసుకుపోతుంది. ఎండిపోయేదాకా ఉంచి రాల్చకండి, తడిగా ఉండగానే కడిగేయండి. మూడోది, సున్నిపిండిలో బావంచాలు వేశారేమో అడగండి. బావంచాల్లో సోరలెన్లు ఉంటాయి, అవి ఎండకి చర్మాన్ని బాగా స్పందించేలా చేస్తాయి. బొల్లికి ఆయుర్వేదంలో వాటిని వాడేది అందుకే. అవి ఉన్న పిండి రాసుకుని ఎండలోకి వెళితే కమిలి నల్లబడొచ్చు. ముఖానికి పిండి పట్టించేటప్పుడు వాటిని మానేయండి.

నిమ్మరసం ముఖానికి వద్దే వద్దు. దాని పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, ఎండ తగిలితే బొబ్బలు కూడా రావొచ్చు. వంటసోడా దానికి పూర్తి వ్యతిరేకం, క్షారం, అదీ అంతే చెడ్డది. ముల్తానీ మట్టి జిడ్డు ముఖానికి వారానికోసారి ఫర్వాలేదు, పొడి ముఖానికి అక్కర్లేదు.

కాలం మారినా ఊరు మారినా

ఫేస్‌వాష్ అయిపోయేదాకా వాడాలన్న నియమం లేదు. ఎండాకాలం వాడిన జెల్ చలికాలంలో లాగుతుంటే పక్కన పెట్టి మార్చిలో మళ్లీ తీయండి. విశాఖ నుంచి హైదరాబాదు వచ్చినవాళ్లకి చలికాలంలో ముఖం హఠాత్తుగా ఎండిపోవడం అందుకే, సముద్రపు గాలిలోని తేమ ఇక్కడ లేదు. న్యూజెర్సీకో, షికాగోకో చదువుకి వెళ్లే పిల్లలకి ఇది ఇంకా ఎక్కువ. హీటర్లు గదిలో గాలిని ఎండగట్టేస్తాయి. ఇక్కడి నుంచి జిడ్డుకి వాడిన ఫేస్‌వాష్‌లు సూట్‌కేసు నిండా పెట్టుకెళ్లకుండా, ఒక క్రీము క్లెన్సర్, మందపాటి మాయిశ్చరైజర్ పెట్టుకెళ్లమనండి.

కొత్త ఫేస్‌వాష్ తెచ్చినప్పుడు ముందు నాలుగైదు రోజులు దవడ కింద ఒకవైపు మాత్రమే వాడి చూడండి. దురద, ఎరుపు లేకపోతే ముఖమంతా మొదలుపెట్టండి. ఒకేసారి ఫేస్‌వాష్, సీరం, క్రీము మూడూ మార్చొద్దు, ఏది పడిందో ఏది పడలేదో తెలియదు. మంట వస్తే ఆ రోజే ఆపేయండి. మంట లేకుండా మొటిమలు తగ్గుతాయా అని చూస్తుంటే మాత్రం ఆరు వారాలు ఓపిక పట్టండి, చర్మం పైపొర పాతది పోయి కొత్తది రావడానికే దాదాపు నెల పడుతుంది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

లోతుగా, నొప్పిగా ఉండి గుంటలు వదిలే మొటిమలు ఫేస్‌వాష్‌తో పోవు. ఆలస్యమయ్యే కొద్దీ గుంటలు పెరుగుతాయి, కాబట్టి వయసు పోయాక అవే తగ్గుతాయని కూర్చోవద్దు. నుదుటి మీద, ఛాతీ మీద ఒకే సైజులో చిన్న గుల్లలు వచ్చి దురద పెడుతుంటే అవి మొటిమలు కాకపోవచ్చు. మలసీజియా అనే ఈస్ట్ వల్ల కూడా అలా వస్తాయి. మొటిమల కోసం యాంటీబయాటిక్ వాడితే అవి పెరుగుతాయి, వాటి మందు వేరు. బుగ్గల మీద సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రగా ఉండటం, కనుబొమలు, ముక్కు పక్కన జిడ్డుపొట్టు మళ్లీ మళ్లీ రావడం, ముఖం మీద హఠాత్తుగా నల్ల మంగు పరుచుకోవడం కూడా చూపించుకోవాల్సినవే.

వెళ్లేటప్పుడు ప్రస్తుతం ముఖానికి వాడుతున్నవన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. అందులో షాపువాళ్లిచ్చిన క్రీమూ, తలనూనే, సున్నిపిండీ కూడా ఉండాలి. పార్లర్‌లో ఫేషియల్ చేయించుకున్న తేదీ గుర్తుంటే చెప్పండి. ఆ రోజు పొద్దున ముఖానికి ఏమీ రాయకుండా, ఉత్తి నీళ్లతో కడుక్కుని వెళ్లండి.